సెట్: ఒక చిన్న ఇంగ్లీషు మాట, దాని పెద్ద సంసారము



ఇంగ్లీషులో మూడే మూడు అక్షరాల మాట ఒకటున్నది. ఆ మాట సెట్. ఎస్, ఇ, టి. బడిలో అడుగుపెట్టిన కొద్ది కాలానికే పిల్లలు దీనిని తప్పు లేకుండా వ్రాయగలుగుతారు. అయితే ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి మహానిఘంటువు రెండవ కూర్పు 1989లో 20 సంపుటములుగా వెలువడినప్పుడు, వేదాంతులు వాడే మాటలనూ, శాస్త్రజ్ఞులు కల్పించిన మాటలనూ, న్యాయస్థానములలో వినబడే బరువైన మాటలనూ అన్నింటినీ వెనుకకు నెట్టి, అన్నింటికన్న ఎక్కువ చోటు ఆక్రమించినది ఈ మూడక్షరాల క్రియయే. 430కి పైగా అర్థములు. వాటి వివరణకు దాదాపు 60,000 మాటలు. ఒక నవలకు సరిపడే నిడివి అది. తరువాత జరిగిన సవరణలలో మొదట మేక్, పిమ్మట పుట్, 2011లో రన్ దీనిని దాటిపోయినవి. అవికూడ ఇటువంటి చిన్న మాటలే కావడము గమనించండి.

ఇన్ని అర్థములున్న మాటను నేర్చుకొనుట ఎట్లా? ఈ ప్రసంగములో మీకు నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంగ్లీషు మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు. దాని ప్రక్కనున్న మాటలతో కలిపి నేర్చుకోండి. ఈ సంగతి మళ్ళీ మళ్ళీ చెపుతాను. మీ పిల్లలు దగ్గరనుంటే వారినికూడ వినమనండి.

మన పిల్లలు ఇంగ్లీషు ఎట్లా చదువుతున్నారో మీకు తెలుసు. నోటుపుస్తకములో నిలువుగా ఒక గీత గీస్తారు. గీతకు ఎడమ ప్రక్క ఇంగ్లీషు మాట, కుడి ప్రక్క తెలుగు అర్థము. సెట్ అంటే అమర్చుట అని వ్రాసుకొని, కళ్ళు మూసుకొని వల్లె వేస్తారు. మరునాడు పాఠములో 'ద సన్ సెట్స్ ఇన్ ద వెస్ట్' అనే వాక్యము వస్తుంది. సూర్యుడు పడమట దేనిని అమరుస్తున్నాడో వారికి బోధపడదు. కష్టపడి చదివే పిల్ల, రాత్రి ప్రొద్దుపోయేదాకా మేలుకొని కంఠస్థము చేసిన పిల్ల, ఆ వాక్యము ముందు తెల్లబోయి నిలబడుట చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆమె శ్రద్ధకు లోటు లేదు. మాటను వాక్యమునుండి పెరికి తెచ్చిన ఆ నిలువు గీతలోనే లోపమున్నది.

ఇప్పుడు ఈ మాట పుట్టుపూర్వోత్తరములు కొంచెము చూద్దాము. ఇంగ్లీషులో సిట్ అంటే కూర్చుండుట అని మనకు తెలుసు. సెట్ దానికి ప్రేరణార్థకము. అనగా కూర్చుండబెట్టుట. మనకు నిలుచుటనుండి నిలుపుట, తిరుగుటనుండి త్రిప్పుట వచ్చినట్లే, వారికి లైనుండి లే, సిట్‌నుండి సెట్ ఏర్పడినవి. ఇంకొంచెము లోతుకు పోతే మనకు బాగా పరిచయమైన ధాతువే ఎదురౌతుంది. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియమ్ జోన్స్ సంస్కృతమునకును గ్రీకు, లాటిన్ భాషలకును గల చుట్టరికమును 1786లో ఎత్తి చూపిన నాటినుండి, పండితులు ఆ దారిలో ఎంతో దూరము నడిచి, కూర్చుండుట అనే అర్థము గల సంస్కృత ధాతువు సద్, లాటిన్ సెడ్, ఇంగ్లీషు సిట్ ఒక్క మూలమునుండియే పుట్టినవని స్థిరపరచినారు. సదస్సు అంటే కూర్చున్నవారి సమూహము. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవారు. ఉపనిషత్తు అంటే గురువు చెంత కూర్చుండి వినదగినది. ఈ పూజ్యమైన మాటలకు సెట్ దూరపు బంధువు. ఇది తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషము ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి సెట్ అనే క్రియకు మూలమైన భావము కూర్చుండబెట్టుట. దీనిని మన ఇంటి వస్తువుతో పోల్చి చెపుతాను. గుండ్రని అడుగు గల కుండను నేలమీద పెడితే ఒరుగుతుంది, దొర్లుతుంది. గడ్డితో చుట్టిన కుదురుమీద పెడితే కదలక నిలుస్తుంది. సెట్ చేయడమంటే కదిలే వస్తువుకు కుదురు కల్పించడమే. తెలుగులో ఆ కుదురునుండి ఎన్ని మాటలు వచ్చాయో చూడండి. పెళ్ళి కుదిరింది అంటాము. బేరము కుదిరింది అంటాము. కూరలో ఉప్పూ కారమూ కుదిరినాయి అంటాము. మనసు కుదుటపడింది అంటాము. ఇంగ్లీషువాని సెట్ కూడ ఇట్లాగే ఇల్లిల్లూ తిరిగింది.

వంటింటిలో మొదలుపెడదాము. గోరువెచ్చని పాలలో చేమిరి చుక్క వేసి మూతపెడతారు. తెల్లవారేసరికి పాలు తోడుకొంటాయి. దానిని ఇంగ్లీషులో చెప్పవలసివస్తే 'ద కర్డ్ హాజ్ సెట్' అంటారు. కదులుతున్న ద్రవము కుదురుకొన్నది. ఇల్లు కడుతున్నచోటికి వెళ్ళండి. తాపీమేస్త్రీ కూలివాళ్ళను తొందరపెడుతూ, మాలు సెట్టయిపోతుందని కేకలు వేస్తుంటాడు. సిమెంటులో నీళ్ళు కలిపిన కొంతసేపటికి అది బిగియడము మొదలుపెడుతుంది. మన దేశపు ప్రమాణముల ప్రకారము మామూలు పోర్ట్‌లండు సిమెంటు నీరు కలిపిన 30 నిమిషములలోగా బిగియనారంభించకూడదు. నీరు కలిపిన 600 నిమిషములలోగా పూర్తిగా బిగియవలెను. మొదటి హద్దు మేస్త్రీకి పనిచేసుకొనే వ్యవధినిస్తుంది. రెండవది ఇల్లు కట్టుకొనేవానికి భరోసా ఇస్తుంది. ఆ తరువాత రోజుల తరబడి నీళ్ళు చల్లి తడుపుతూ ఉంటే వచ్చే గట్టిదనము వేరు. దానిని సెట్ అనరు. పాలు పెరుగైనట్లు ఒక స్థితినుండి మరొక స్థితిలో కుదురుకొనుటకే ఆ మాట చెల్లుతుంది.

చేయి విరిగితే తెలుగువారు తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు చెప్పుకొంటారు. పుత్తూరు కట్టు అంత ప్రసిద్ధము. స్థానము తప్పిన ఎముకను చేతి స్పర్శతో పసికట్టి, సరిచేసి, కదలకుండ కట్టు కట్టే ఆ పనిని ఇంగ్లీషులో బోన్ సెట్టింగ్ అంటారు. ఎముకకు కుదురు ఏర్పరచుట అది.

ఇక నాకు అన్నింటికన్న ముచ్చట గొలిపే ఉదాహరణ ఒకటి చెపుతాను. కొంచెము నిలిచి వినండి. కంసాలి ఉంగరములో కెంపును నిలిపే పనిని మనము పొదుగుట అంటాము. ఇంగ్లీషులో అది సెట్. రైతు ఇంట కోడి గ్రుడ్లమీద కూర్చుండుటనుకూడ మనము పొదుగుట అంటాము. కోడిని అట్లా గ్రుడ్లమీద కూర్చుండబెట్టుటను ఇంగ్లీషు పల్లెల్లో 'టు సెట్ ఎ హెన్' అంటారు. రత్నమునకును కోడికిని ఏమి సంబంధము? అయినా రెండు భాషలవారూ ఆ రెండు పనులను ఒకే మాటతో పలికినారు. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొన్నది కాదిది. గూటిలో కదలక ఇమిడి ఉన్న కోడిని చూచిన కన్నే, బంగారపు గూటిలో ఇమిడిన రాయినీ చూచింది.

మరి సూర్యుని సంగతి? ప్రాచీన ఇంగ్లీషులో సూర్యాస్తమయమునకు పీఠమునకు పోవుట అనే అర్థమిచ్చే సమాసము ఉండేది. పగలంతా ఆకాశమున నడిచిన సూర్యుడు సాయంకాలము తన ఆసనము చేరుకొంటాడని వారి ఊహ. మనము పొద్దు క్రుంకిందంటాము, వాలిందంటాము. ఇప్పుడు ఆ పిల్లకు 'సన్ సెట్స్' అనే మాటలు ఒకదాని ప్రక్క ఒకటి చూపండి. సన్ ప్రక్కనుంటే క్రుంకుట. కర్డ్ ప్రక్కనుంటే తోడుకొనుట. బోన్ ప్రక్కనుంటే కట్టుకట్టుట. ట్రాప్ ప్రక్కనుంటే బోను పెట్టుట. క్వశ్చన్ పేపర్ ప్రక్కనుంటే ప్రశ్నపత్రము తయారుచేయుట. ఒంటరిగా సెట్ అంటే ఏమిటని అడిగితే జవాబు లేదు. ప్రక్కన ఎవరున్నారో చెపితే జవాబున్నది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. టీ సెట్ అనేటప్పుడు, చదరంగపు సెట్ అనేటప్పుడు మనము వినే సెట్, ఇంతవరకు చెప్పుకొన్న సెట్ ఒక కుదురునుండి పుట్టినవి కావు. జట్టు, వరుస అనే అర్థమిచ్చే ఈ నామవాచకము, అనుచరుల గుంపును తెలిపే లాటిన్ సెక్టా అనే మాట ఫ్రెంచివారి నోట నలిగి ఇంగ్లీషులో ప్రవేశించగా ఏర్పడినది. మత శాఖను తెలిపే సెక్ట్ అనే మాట దీనికి తోబుట్టువు. ధ్వని ఒక్కటైనందున కాలక్రమమున ఇది క్రియతో కలిసిపోయినది. గణితములో సమితి అని మనము చదువుకొనే సెట్, పేకాటలో ఒకే అంకె గల ముక్కల సెట్టు, టెన్నిసు ఆటలో సెట్టు, అన్నీ ఈ జట్టు వంశమువే.

తెలుగు పల్లెలు మొట్టమొదట స్వీకరించినదికూడ ఈ వంశమునే. పంపూ మోటారూ కలిసినది పంపుసెట్టు. కట్టుడు పళ్ళ వరుస పళ్ళసెట్టు. మీరు ఈ ప్రసంగము వింటున్న పెట్టెనే మన పెద్దలు రేడియో సెట్టు అనేవారు. క్రియ మాత్రము ఆలస్యముగా వచ్చింది. అలారము సెట్ చేశాననీ, సంబంధము సెట్టయిందనీ నేటి యువకులు అంటున్నారు. పెళ్ళి కుదిరింది అనే చోట సెట్టయింది అనడము చూడండి. వారికి తెలియకుండానే కుదురు భావము పట్టుకొన్నారు. అయితే కుదిరింది అనే అచ్చమైన మాట మన ఇంట ఉండగా దానిని మూలకు నెట్టుట నాకు నచ్చదు. ఆ సంగతి మరొకప్పుడు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాము. సెట్ ప్రక్కన ఇన్, ఆఫ్, అసైడ్ వంటి చిన్న మాటలు చేరినప్పుడు అర్థము ఒక్కసారిగా మారిపోతుంది. పరీక్షలో పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

సెట్ ఇన్ చూడండి. జూన్ నెల ఆరంభములో కేరళలో నైరృతి ఋతుపవనము ప్రవేశిస్తే ఇంగ్లీషు పత్రికలు 'మాన్‌సూన్ సెట్స్ ఇన్' అని వ్రాస్తాయి. వర్షము వచ్చినదని మాత్రమే కాదు, వచ్చి నిలిచినదని దాని భావము. జల్లు పడి వెలిస్తే సెట్ ఇన్ అనరు. అయితే దేనిదేనికి సెట్ ఇన్ అంటారు? బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో జాన్ సింక్లెయిర్ అనే ఆచార్యుడు 1980 తరువాతి సంవత్సరములలో, పుస్తకములనుండి, పత్రికలనుండి, సంభాషణలనుండి సేకరించిన లక్షలకొలది మాటలను కంప్యూటరులో నింపి, సెట్ ఇన్ వచ్చిన వాక్యములన్నింటిని ఒకదాని క్రింద ఒకటి పేర్చి చూచినాడు. దాని కర్తలలో ఎక్కువ భాగము అవాంఛనీయములే. కుళ్ళు సెట్ ఇన్ అవుతుంది. నిరాశ సెట్ ఇన్ అవుతుంది. రోగము సెట్ ఇన్ అవుతుంది. ఆనందము, ఆరోగ్యము సెట్ ఇన్ అయిన వాక్యము వెదకి పట్టుకోవలసినదే. ఆ పరిశోధన ఫలముగా 1987లో కోబిల్డ్ నిఘంటువు వెలువడినది. అంతకుముందే, 1920 ప్రాంతములలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు ఆచార్యుడుగా ఉన్న జె. ఆర్. ఫర్త్, మాట అర్థమును దాని సహవాసములో వెదకవలెనని తరువాతి కాలమున బోధించి ఈ మార్గమునకు పునాది వేసినాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తెలుగులోని పట్టు అనే క్రియ గుర్తుకు వచ్చింది. బూజు పట్టింది. తుప్పు పట్టింది. కిలుము పట్టింది. చీడ పట్టింది. ముసురు పట్టింది. శని పట్టింది. గమనించారా? మెల్లగా వచ్చి, వదలక కూర్చుండే చెడుగు అంతా మనకు పడుతుంది. అదే వారికి సెట్ ఇన్ అవుతుంది. నిద్ర పట్టుట, అదృష్టము పట్టుట వంటి మంచి ప్రయోగములు లేకపోలేదు. అయినా పిల్లలకు సెట్ ఇన్ నేర్పవలసివస్తే, 'ద రెయిన్స్ హావ్ సెట్ ఇన్' అనే వాక్యము చెప్పి, ముసురు పట్టింది అనండి. కనురెప్ప పాటులో అర్థమౌతుంది. జన్మలో మరచిపోరు.

మన పిల్లలలో ఎవరైనా పట్టు అనే మాటకు అర్థములు వల్లె వేసినారా? చేయి పట్టుకో అని తల్లి అంటుంది. పనికి రెండు గంటలు పట్టింది అని తండ్రి అంటాడు. మిల్లులో పిండి పట్టించుకొని రమ్మంటుంది అమ్మమ్మ. పండుగకు పట్టు పావడా కుట్టిస్తారు. ఏ పిల్లా తికమకపడదు. చేయి, గంటలు, పిండి, పావడా అనే ప్రక్కమాటలు చెవిలో పడుతూనే అర్థము తేటపడుతుంది. బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువులోనూ, 1936నుండి సంపుటములుగా వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువులోనూ ప్రయోగములకు అంత ప్రాముఖ్యమిచ్చినది అందుకే. తెలుగును మనము ప్రక్కమాటలతోనే నేర్చుకొన్నాము. ఇంగ్లీషునుకూడ అట్లాగే నేర్చుకొందాము.

సెట్ అసైడ్ అనే మాటకు ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు అర్థములున్నవి. మనీ ప్రక్కనుంటే డబ్బు తీసి దాచిపెట్టుట. కోర్టు ప్రక్కనుంటే రద్దుచేయుట. వాయిదాకు హాజరు కాలేకపోయిన ప్రతివాదిమీద ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తే, అతని వకీలు దానిని సెట్ అసైడ్ చేయమని అర్జీ పెడతాడు. దాచమని కాదు, కొట్టివేయమని ప్రార్థన. కాగితము చేతికి వచ్చిన కక్షిదారు ఈ ఒక్క మాటను దాచుట అని చదువుకొంటే ఎంత అయోమయము! సెట్ ఆఫ్ కూడ ఇటువంటిదే. జర్నీ ప్రక్కన బయలుదేరుట. క్రాకర్స్ ప్రక్కన ప్రేల్చుట. చీరకు ముదురు రంగు అంచు ఉంటే అది లేత రంగును సెట్ ఆఫ్ చేస్తుంది, అనగా మరింత ఎత్తి చూపుతుంది.

ఇప్పుడు అభ్యాసము చెపుతాను. ఇది నా కల్పన కాదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువుకు 1879లో సంపాదకుడైన జేమ్స్ మర్రే తన ఇంటి ఆవరణలో ఇనుప రేకుల గది ఒకటి కట్టించుకొని, దేశదేశాల పాఠకులను చీటీలు పంపమని కోరినాడు. ఒక చీటీమీద ఒక మాట. దాని క్రింద ఆ మాట వచ్చిన పూర్తి వాక్యము, గ్రంథము పేరు, సంవత్సరము. అర్థము వ్రాసి పంపమని అతడు అడగలేదు. వాక్యమునే అడిగినాడు. మొదటి భాగము 1884లో వెలువడినది. మర్రే 1915లో గతించినాడు. గ్రంథము 1928లో పూర్తియైనది. 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యములతో నిలిచిన ఆ మహాకార్యమునకు ఆధారము అటువంటి చీటీలే.

మీ ఇంటి పిల్లలచేతకూడ చీటీలు చేయించండి. నిలువు గీత వద్దు. పాత క్యాలెండరు కాగితము చించి ముక్కలు చేస్తే చాలు. ఇంగ్లీషు పత్రికలో సెట్ కనబడినచోటెల్లా ఆ వాక్యము మొత్తము చీటీమీద ఎత్తి వ్రాయమనండి. ప్రక్కమాట క్రింద గీత గీయమనండి. చీటీ వెనుక తెలుగు అర్థము ఒక్క మాటగా వ్రాయవద్దు. మీ ఊరివాళ్ళు ఆ సందర్భములో ఏమంటారో ఆ వాక్యము వ్రాయమనండి. 'ద కర్డ్ హాజ్ సెట్' వెనుక పెరుగు తోడుకొంది. 'ద రెయిన్స్ హావ్ సెట్ ఇన్' వెనుక ముసురు పట్టింది. రోజుకు రెండు చీటీలు చాలును. చీటీలు కొన్ని పోగైన తరువాత వాటిని కలిపి పరచి, ఒకేతీరు ప్రక్కమాటలున్నవాటిని ఒకచోట చేర్చమనండి. సింక్లెయిర్ కంప్యూటరుతో చేసిన పని మీ ఇంటి చాపమీద జరుగుతుంది.

చివరగా, చీటీ వ్రాసేటప్పుడు తప్పక గమనించవలసిన అంశము ఒకటి మిగిలినది. సెట్ అనే క్రియకు వర్తమానములోనూ సెట్టే, భూతకాలములోనూ సెట్టే. రూపము మారదు. 'దే సెట్ అవుట్ ఎట్ డాన్' అనే వాక్యము విడిగా చూస్తే, వారు తెల్లవారుజామున బయలుదేరుతారని చెప్పవచ్చును, బయలుదేరినారనికూడ చెప్పవచ్చును. ఆ తరువాత ఎవ్రీ డే అని ఉంటే బయలుదేరుతారు. యెస్టర్‌డే అని ఉంటే బయలుదేరినారు. కర్త హి గాని షి గాని అయినప్పుడు మాత్రము కొంచెము వెసులుబాటున్నది. సెట్స్ అని చివర ఎస్ ఉంటే అది నిత్యము జరిగే పని. ఎస్ లేక వట్టి సెట్ ఉంటే జరిగిపోయిన పని. అందుచేత చీటీమీద కర్తనూ, కాలము తెలిపే మాటనూ విడువక వ్రాయమని పిల్లలతో చెప్పండి.